తుఫాను మన ఊరి మీదికి వస్తే: ముందే, పగలే, దగ్గరికే

బంగాళాఖాతంలో వాయుగుండం బలపడిందని, మచిలీపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని, జాలర్లు వేటకు వెళ్లవద్దని రేడియో వార్తల్లో ఎన్నోసార్లు వినే ఉంటారు. ఆ వార్త మన కొల్లాపూర్‌లో విన్నప్పుడు మనకేమనిపిస్తుంది? "పాపం, కోస్తావాళ్లకు మళ్లీ తిప్పలొచ్చినయి" అనిపిస్తుంది. అంతటితో మన పనిలో మనం పడిపోతాం. సముద్రం ఎక్కడ, మనమెక్కడ! మనకూ సముద్రానికీ నడుమ నల్లమల ఉంది. 200 కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. మన ఊర్లో రేవు లేదు, ఓడ లేదు, ఎగరేయడానికి సూచికా లేదు.

కానీ తుఫాను మన దగ్గరికీ వస్తుంది. గాలి రూపంలో తక్కువగా వస్తుంది. నీళ్ల రూపంలో ఎక్కువగా వస్తుంది. అందుకని సముద్రం లేని మన ఊళ్లలో కూడా, అవసరమైతే ఇల్లు విడిచి పోవడానికి ఒక ఏర్పాటు ఉండాలి. ఆ ఏర్పాటును మూడు మాటల్లో చెప్తాను. ముందే, పగలే, దగ్గరికే. ఇల్లు విడవాల్సి వస్తే ముందే విడవాలి, పగలే విడవాలి, దగ్గరికే పోవాలి. ఈ మూడు మాటలు గుర్తుంటే చాలు. మిగిలినదంతా వీటికి వివరణే.

మొదట, తుఫాను మన దాకా ఎట్లా వస్తుందో చూద్దాం.

తుఫానుకు బలం వెచ్చటి సముద్రపు నీటి నుంచి వస్తుంది. తీరం దాటి నేల మీదికి రాగానే ఆ బలం అందదు. గంటగంటకూ గాలి తగ్గుతుంది. తుఫాను తీవ్ర వాయుగుండమవుతుంది, తర్వాత వాయుగుండం, ఆ తర్వాత అల్పపీడనం. వార్తల్లో "బలహీనపడింది" అంటారు. ఆ మాట వినగానే మనం ఊపిరి పీల్చుకుంటాం. అక్కడే పొరపాటు జరుగుతుంది. బలహీనపడింది గాలి. మోసుకొచ్చిన నీళ్లు ఆ మబ్బుల్లో అట్లాగే ఉన్నాయి. ఆ నీళ్లన్నీ ఎక్కడో ఒకచోట కురవాల్సిందే. పైగా ఆ మబ్బులకు ఎత్తైన నేల, కొండలు తగిలితే వాన ఇంకా గట్టిగా పడుతుంది.

ఒక్క ఉదాహరణ చూడండి. 2020 అక్టోబరు 13 పొద్దున కాకినాడ దగ్గర ఒక తీవ్ర వాయుగుండం తీరం దాటింది. దానికి తుఫాను అనే పేరు కూడా లేదు. తీరంలో జరిగిన నష్టం కంటే ఆ సాయంత్రం, ఆ రాత్రి హైదరాబాదులో జరిగిన నష్టమే జనానికి గుర్తుండిపోయింది. కాలనీలకు కాలనీలు మునిగాయి. ఒక ప్రహరీ గోడ కూలి పక్క ఇళ్ల మీద పడి, ఆ ఇళ్లలోనివాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ వాయుగుండం తెలంగాణ మీదుగా, కర్ణాటక, మహారాష్ట్ర మీదుగా నడిచి అవతలి అరేబియా సముద్రం దాకా పోయింది.

ఇంకా దగ్గరిది, మొంథా తుఫాను. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు వాన మన మీద పడింది. వరంగల్, హనుమకొండ కాలనీల్లో నీళ్లు నిలిచాయి. మన నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉప్పునుంతల వైపు కుండపోతగా కురిసింది. డిండి ప్రాజెక్టు అలుగు ఉధృతికి లత్తీపూర్ దగ్గర శ్రీశైలం రోడ్డు కోసుకుపోయింది. మనం ఎన్నోసార్లు ప్రయాణం చేసిన రోడ్డు అది.

మరి పాతకాలంలో ఇట్లా లేదా అంటే, ఉంది. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగింది. ఆ వానకు మూలం కూడా బంగాళాఖాతంలో పుట్టిన తుఫానే. ఆ ఒక్క వరదలో చనిపోయినవారు 15,000 మంది దాకా ఉంటారని అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ చెట్టు ఇంకా ఉంది. సముద్రానికి అంత దూరాన ఉన్న నగరంలో, తుఫాను వానకు, ఇంతమంది పోయారన్న సంగతి మనం మరవకూడదు.

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు కదా. అక్కడ తుఫానును హరికేన్ అంటారు. 2024 సెప్టెంబరు చివర్లో హెలీన్ అనే హరికేన్ ఫ్లోరిడాలో తీరం దాటింది. ఎక్కువమంది ప్రాణాలు పోయింది మాత్రం తీరంలో కాదు. వందల కిలోమీటర్ల లోపల, నార్త్ కరోలినా కొండల్లో. ఆష్‌విల్ అని అక్కడొక కొండల పట్నం. హరికేన్ల భయం లేని చోటని జనం అనుకునేవాళ్లు. ఏళ్లు పొంగాయి, కొండచరియలు విరిగిపడ్డాయి, రోడ్లన్నీ తెగిపోయాయి. ఆ ఒక్క రాష్ట్రంలోనే 100 మందికి పైగా చనిపోయారు. మాకు సముద్రం దూరమని అక్కడివాళ్లూ అనుకున్నారు. ఇక్కడ మనమూ అదే అనుకుంటున్నాం.

ఇప్పుడు మన కొల్లాపూర్ సంగతి. తుఫాను వానల్లో మనకు మూడు దిక్కుల నుంచి ప్రమాదం ఉంది. ఇంటి గోడ, ఊరి వాగు, కృష్ణా నది. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది గోడ. దీనికే అన్నింటికంటే ఎక్కువ భయపడాలి, దీనికే అందరం తక్కువ భయపడతాం.

మన పాలమూరు పల్లెల్లో మట్టి మిద్దెలు ఇంకా ఉన్నాయి. తాతలు కట్టినవి. రాయీ మట్టీ కలిపి పెట్టిన గోడలు. వాటి మీద దూలాలు, దూలాల మీద కట్టెలు, వాటి మీద జానెడో మూరెడో మందాన మట్టి. ఎండాకాలంలో చల్లగా ఉండే ఇల్లు అది. ఒక జాము వానకు దానికేమీ కాదు. కానీ తుఫాను వాన ఒక జాముతో పోదు. రెండు రోజులు, మూడు రోజులు ముసురు పట్టి కురుస్తుంది. పైనున్న మట్టి నీళ్లు తాగి తాగి బరువెక్కుతుంది. అదే సమయంలో కింద గోడ మొదలు చారులో నానిన జొన్నరొట్టెలాగా మెత్తబడుతుంది. పైన బరువు పెరుగుతుంది, కింద బలం తగ్గుతుంది. ఎప్పుడో అర్ధరాత్రి, ఇంటిల్లిపాదీ ఒకే మూలన ముడుచుకొని పడుకున్నప్పుడు, కూలుతుంది.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. 2024 వానాకాలంలో మన జిల్లాలోనే, నాగర్‌కర్నూల్ మండలం వనపట్లలో, మట్టి మిద్దె కూలి ఒక తల్లి, ఆమె ముగ్గురు పిల్లలు నిద్రలోనే చనిపోయారు. 2021 అక్టోబరులో జోగుళాంబ గద్వాల జిల్లా అయిజ మండలం కొత్తపల్లిలో గోడ కూలి ఒకే ఇంట్లో ఐదుగురు పోయారు. రెండు చోట్లా ఇంట్లోకి వరద రాలేదు. వాన పడింది, గోడ తడిసింది, రాత్రయింది.

గోడ కూలేముందు చాలాసార్లు గుర్తులు చూపిస్తుంది. అవి వినండి. పాత బీట వెడల్పు కావడం ఒక గుర్తు. గోడ ఒకచోట ఉబ్బినట్టు కనిపించడం ఇంకొకటి. పైకప్పు నుంచి సన్నగా మట్టి రాలుతుంటే, ఎన్నడూ కారని చోట నీళ్లు కారుతుంటే అనుమానించండి. నిన్నటిదాకా తేలికగా మూసుకున్న తలుపు ఈ రోజు దర్వాజకు బిగుసుకుపోతే, పైబరువు కిందికి దిగుతోందేమో చూడండి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రాత్రి ఆ ఇంట్లో పడుకోవద్దు. మళ్లీ చెప్తున్నాను. గుర్తు కనిపించిన రాత్రి ఆ ఇంట్లో పడుకోవద్దు.

రెండోది వాగు. మన వాగులు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయే ఉంటాయి. పిల్లలు ఆడుకుంటారు, మేకలు దాటుతాయి. అందుకే వాగంటే మనకు చనువు. పైన ఎక్కడో చెరువు అలుగు పారితే, లేకపోతే గండి పడితే, అదే వాగు ఒక గంటలో రోడ్డెక్కుతుంది. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు తెగితే ఆ నీళ్లన్నీ కింది చెరువు మీద పడతాయి. మన ఊర్లో వాన ఆగిపోయినా, పైఊరి నీళ్లు రాత్రికి మన కాజ్‌వే మీదికి వస్తాయి.

మోకాళ్ల లోతు నీళ్లే కదా, దాటుకుంటాం అంటారు. పారే నీళ్లకు మోకాళ్ల లోతు కూడా అక్కర్లేదు, మనిషి కాళ్లు తప్పించడానికి. రెండడుగుల నీళ్లుంటే కారు తేలిపోతుంది. మోటారు సైకిల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా ఆ ఎర్రనీళ్ల కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో పైనుంచి చూస్తే తెలియదు. రోజూ పోయే దారే కదా అనే ధైర్యంతోనే చాలామంది కొట్టుకుపోతారు. అటు పక్క ఇల్లు కనిపిస్తున్నా సరే, ఆ రాత్రికి ఇటు పక్కే ఎవరింట్లోనైనా ఉండిపోండి. రోడ్డు మీద వాగు పారుతుంటే దాటవద్దు.

మూడోది మన కృష్ణమ్మ. సోమశిల దగ్గర ఆమె ఎంత చల్లగా, ఎంత విశాలంగా కనిపిస్తుందో మీకు తెలుసు. మనం ఉన్నది శ్రీశైలం జలాశయం వెనుక జలాల ఒడ్డున. 2009 అక్టోబరు మొదటి వారం పెద్దవాళ్లు ఎవరూ మరిచిపోరు. బంగాళాఖాతంలోని అల్పపీడనం వల్ల సెప్టెంబరు చివర నుంచి కర్ణాటకలో, కర్నూలు, పాలమూరు జిల్లాల్లో ఎడతెరిపి లేని వానలు కురిశాయి. కృష్ణ, తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా పొంగాయి. కర్నూలు నగరం మునిగింది. మంత్రాలయం మునిగింది. అలంపురం మునిగింది. రాజోలి చేనేత కుటుంబాలు ఇళ్లు పోగొట్టుకున్నాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. డ్యాం నిండు మట్టం 885 అడుగులైతే, ఆ రోజు నీళ్లు 896 అడుగులు దాటాయి. ఆ పైన పెరిగిన ప్రతి అడుగూ మన వైపు ఒడ్డు పొలాల్లోకి, ఊళ్లలోకి పాకింది.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. నదికి మన ఆకాశంతో పని లేదు. మన ఊర్లో ఎండ కాస్తున్నా, ఎగువన కురిసిన వాన కింద మనల్ని ముంచుతుంది. కాబట్టి నది ఒడ్డునున్నవాళ్లు మన ఊరి మబ్బును మాత్రమే చూస్తే సరిపోదు. కృష్ణ మీద జూరాల దగ్గర, తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర ఎంత నీరు వదులుతున్నారో వార్తల్లో వినాలి. అక్కడ గేట్లు ఎత్తారంటే మన దగ్గరికి నీళ్లు బయల్దేరాయని అర్థం. అదే మన ప్రమాద సూచిక.

నది ఒడ్డున గుడిసెలు వేసుకున్న జాలరి కుటుంబాలు, లంకల్లో గొర్రెలు, బర్రెలు మేపుకునే కాపరులు ఈ మాట ముఖ్యంగా వినాలి. మీరు అందరికంటే ముందు కదలాలి. వరద వచ్చాక పుట్టి వేసుకొని వద్దామని అనుకోవద్దు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి 60 మందికి పైగా జలసమాధి అయ్యారు. అప్పుడు వరద కూడా లేదు. నిండు వరదలో పడవ మీద ఆశ పెట్టుకోకూడదు. ఏ ఒడ్డున ఉండాలో ఆ ఒడ్డుకు ముందే చేరిపోవాలి.

గోడ, వాగు, నది. ఇవీ మన మూడు ప్రమాదాలు. ఇక ఏర్పాటు సంగతికి వద్దాం. ముందే, పగలే, దగ్గరికే.

ముందే అంటే ఎప్పుడు? వాతావరణ శాఖ ఇచ్చే రంగుల హెచ్చరికలు మీరు వినే ఉంటారు. ఎల్లో, ఆరెంజ్, రెడ్. రెడ్ అలర్ట్ అంటే కొన్నిచోట్ల ఒక్కరోజులో 20 సెంటీమీటర్లకు మించి వాన పడవచ్చని. ఈ లెక్క మనకెట్లా అర్థం కావాలి? మన పాలమూరులో ఏడాది మొత్తానికి పడే వానే సుమారు 60 సెంటీమీటర్లు. ఏడాది వానలో మూడో వంతు ఒక్కరోజులో పడితే చెరువులేం కావాలి, గోడలేం కావాలి? అందుకని, ఆరెంజ్ అలర్ట్ వినగానే సర్దుకోండి. రెడ్ అలర్ట్ వినగానే మట్టి ఇళ్లలోని వాళ్లు, లోతట్టులో ఉన్నవాళ్లు కదలండి. వాన మొదలయ్యేదాకా చూద్దామనవద్దు.

పగలే అంటే ఎందుకు? రాత్రి కరెంటు పోతుంది. వాగు ఎక్కడుందో, రోడ్డు ఎక్కడుందో తెలియదు. తెగిన తీగ నీళ్లలో పడి ఉందేమో కనిపించదు. ముసలివాళ్లను ఎత్తుకొని, పిల్లల చేతులు పట్టుకొని చీకట్లో నడవడం ఇల్లు కూలడమంత ప్రమాదం. సాయంత్రం ఆరు లోపల, ఇంకా వెలుతురుండగానే, అన్నం కట్టుకొని బయల్దేరాలి. అర్ధరాత్రి అనుమానమొచ్చే ఇంటిని సాయంత్రమే విడిచిపెట్టాలి.

దగ్గరికే అంటే? ఇల్లు విడవడమంటే హైదరాబాదు బస్సెక్కడమని చాలామంది అనుకుంటారు. ఆ వానలో బస్సులు తిరగవు, తిరిగినా దారిలో ఏ వాగు దగ్గరో ఆగిపోతాయి. మనకు కావాల్సింది ఒక కిలోమీటరు లోపల, వాగు దాటకుండా నడిచిపోగల, ఎత్తు మీదున్న గట్టి స్లాబు భవనం. అది బడి కావచ్చు, రైతు వేదిక కావచ్చు, ఫంక్షన్ హాలు కావచ్చు. మన వాడకట్టులోనే స్లాబు వేసుకున్న బంధువుల ఇల్లు కావచ్చు. నాలుగు ఇళ్ల అవతలికి పోయి రెండు రాత్రులు పడుకోవడమే చాలామందికి ప్రాణం కాపాడే ప్రయాణం.

ఐతే భవనం గట్టిదైతే చాలదు. మొంథా రోజున దేవరకొండ దగ్గర కొమ్మేపల్లి గిరిజన గురుకులాన్ని వరద చుట్టేసింది. వందలమంది పిల్లలు లోపల చిక్కుకుంటే పోలీసులు, స్థానికులు తాళ్లు కట్టి బయటికి తెచ్చారు. పిల్లలు క్షేమంగా బయటపడ్డారు, అదే పదివేలు. కాబట్టి మన ఊర్లో బడిని ఆసరాగా అనుకుంటే, అది చెరువు కట్ట కిందుందా, వాగు పక్కనుందా అని ముందే చూసుకోవాలి. ఊర్లో పెద్దవాళ్లను అడగండి. 2009లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయో, ఏ బజారు మునిగిందో, ఏ గడ్డ మిగిలిందో వాళ్లకు తెలుసు. వాళ్లు మిగిలిందన్న గడ్డ మీదే మన ఆసరా ఉండాలి.

ఇప్పుడు మనసులో మాట ఒకటి మాట్లాడుకుందాం. ఇల్లు విడవడం ఎవరికీ ఇష్టముండదు. "ఎన్ని వానలు చూడలే, ఏమైతది?" అంటారు. కల్లంలో వడ్లున్నాయి. కొట్టంలో ఎద్దులున్నాయి. సందుకలో బిడ్డ పెళ్లికి దాచిన బంగారం ఉంది. మంచం పట్టిన తల్లి ఉంది. ఇవన్నీ నిజమైన కారణాలే. వీటికి జవాబు లేకుండా "ఖాళీ చేయండి" అని మైకులో అరిస్తే ఎవరూ కదలరు. శ్రీశైలం ముంపులో ఊళ్లు పోగొట్టుకున్న ప్రాంతం మనది. ఖాళీ చేయమనే మాట వింటేనే మన పెద్దలకు కడుపులో దేవినట్టవుతుంది. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ విడవడం వేరు, ఈ విడవడం వేరు. ఆనాడు పోయినవాళ్లు తిరిగి రాలేకపోయారు. ఈనాడు మనం రెండు రోజులు పోయి తిరిగి వస్తాం.

కారణాలకు జవాబులు వెతుకుదాం. పశువులకు పలుపు విప్పి వదలండి, లేదా ఎత్తు గడ్డ మీదికి ముందురోజే తోలండి. కట్టేసిన పశువు నీళ్లలో కట్టు మీదే చనిపోతుంది. విప్పిన పశువు తన దారి తాను వెతుక్కుంటుంది. వడ్లను వీలైనంత మేరకు గోదాములోకో, ఎత్తు మీదికో చేర్చి పరదాలు కప్పి తాళ్లు బిగించండి. ఆపైన తడిస్తే తడవనివ్వండి. తడిసిన వడ్ల కోసం గవర్నమెంటును అడగవచ్చు, మనిషి కోసం ఎవరినీ అడగలేం. బంగారం, ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం ఒక పాలిథిన్ కవర్లో చుట్టి ఒకే సంచిలో పెట్టండి. అదే సంచిలో బీపీ, షుగర్ గోలీలు వారానికి సరిపడా వేయండి. ఒక టార్చిలైటు, తాగే నీళ్లు, అటుకులో పేలాలో, పిల్లలకు ఒక దుప్పటి. సంచి తలుపు పక్కనే ఉండాలి.

మంచం పట్టినవాళ్ల సంగతికి సంచి సరిపోదు, మనుషులు కావాలి. ప్రతి వాడకట్టులో ఒక పని చేయండి. ఒంటరిగా ఉన్న ముసలివాళ్లు, నడవలేనివాళ్లు, నెలలు నిండిన గర్భిణులు ఎవరెవరో కాగితం మీద రాయండి. ఒక్కొక్కరి పేరు పక్కన ఒక పడుచు పిల్లవాడి పేరు రాయండి. హెచ్చరిక రాగానే ఆ పిల్లవాడు ఆ ఇంటికి పోవాలి. అంతే. సర్పంచో, వార్డు కౌన్సిలరో, పంచాయతీ కార్యదర్శో, ఆశా కార్యకర్తో, అంగన్‌వాడీ టీచరో ఎవరో ఒకరు ఆ కాగితం దగ్గర పెట్టుకోవాలి. నెలలు నిండినవాళ్లను ముసురు మొదలవక ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చాలి. నల్లమల పెంటల్లోని చెంచు అక్కచెల్లెళ్ల విషయంలో, వాగుల అవతలి తండాల విషయంలో ఇది మరీ ముఖ్యం. వాగు పొంగాక 108 బండి అటు దాటలేదు.

సాయం వస్తుంది, కానీ ఆలస్యంగా రావచ్చు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి, ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేకపోయింది. పొద్దంతా వాళ్లు వంతెన మీదే ఉన్నారు. చివరికి ఒక జేసీబీ డ్రైవరు ప్రాణాలకు తెగించి బండి తీసుకుపోయి వాళ్లను తెచ్చాడు. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. కానీ ప్రతి వంతెన దగ్గరా అట్లాంటి మనిషి ఉంటాడని మనం ఏర్పాటు చేసుకోలేం. మనకు మనమే ముందు కదలాలి.

ముందు కదిలితే నిజంగా ప్రాణాలు మిగులుతాయా? మిగులుతాయి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో 10,000 మంది దాకా పోయారు. 1999లో ఒడిశా పెనుతుఫానులోనూ దాదాపు అంతమంది పోయారు. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు ఒడిశా, ఆంధ్ర తీరాల్లో లక్షల మందిని ముందే తరలించారు. అంతటి తుఫానులో చనిపోయినవారి సంఖ్య పదుల్లో ఆగింది. సముద్రం మారలేదు, గాలి తగ్గలేదు. జనం ముందే కదిలారు. కోస్తావాళ్లు ఎంతో మందిని పోగొట్టుకొని నేర్చుకున్న పాఠం అది. మనం పోగొట్టుకోకముందే నేర్చుకోవచ్చు.

మరో రెండు జాగ్రత్తలు. ఒకటి కరెంటు. తడిచేతులతో మోటారు స్టార్టరు ముట్టవద్దు. నీళ్లు నిలిచిన పొలంలోకి మోటారు కట్టేయడానికి పోవద్దు. బట్టలారేసే దండెం ఇనుప తీగదైతే, వానల్లో దాన్ని తాకవద్దు. తెగిన తీగ కనిపిస్తే దగ్గరికి పోకుండా 1912కు ఫోన్ చేయండి. రెండోది, వాన ఆగాక. ఎండ రాగానే ఇంటికి పరుగెత్తాలనిపిస్తుంది. నానిన గోడ వాన ఆగిన రోజు కూడా కూలవచ్చు, మర్నాడూ కూలవచ్చు. బయట చుట్టూ తిరిగి చూసి, తెలిసిన మేస్త్రీకి చూపించి, ఆ తర్వాతే లోపల పడుకోండి.

ఆపద వస్తే 112, ఆసుపత్రి అవసరమైతే 108. ఈ రెండు నంబర్లు పిల్లల చేత కూడా కంఠస్థం చేయించండి. కరెంటు పోయి, సెల్ టవర్లు మూగబోయిన రోజున ఫోన్లు మొరాయిస్తాయి. ఆ రోజున బ్యాటరీతో నడిచే చిన్న రేడియో మాట్లాడుతూనే ఉంటుంది. అటక మీద పాత ట్రాన్సిస్టర్ ఉంటే దింపండి, రెండు కొత్త బ్యాటరీలు తెచ్చిపెట్టండి.

శ్రోతలారా, ఇంత సేపూ చెప్పినదాన్ని ఒక్కసారి మళ్లీ కట్టగడతాను. తుఫాను మన దాకా వస్తుంది, నీళ్లతో వస్తుంది. మన ప్రమాదాలు మూడు: గోడ, వాగు, నది. మన ఉపాయం కూడా మూడు మాటలే: ముందే, పగలే, దగ్గరికే.

మీకు నా విన్నపం ఇది. తుఫానుల కాలం వచ్చేదాకా ఆగవద్దు. ఈ ఆదివారమే మీ ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి గోడలు చూడండి. ఏ ఇంటికి పోవాలో, ఎవరిని వెంట తీసుకుపోవాలో ఇంట్లో అందరూ కూర్చొని మాట్లాడుకోండి. మీది స్లాబు ఇల్లయితే, మీ వాడకట్టులో మట్టి ఇంట్లో ఉన్నవాళ్లను ఇప్పుడే పిలిచి చెప్పండి, "ముసురు పడితే మా ఇంటికి రండి" అని. పిలుపు ముందే ఉంటే, రావడానికి వాళ్లు మొహమాటపడరు.